వేలంలో వెర్రి వద్దు!

"వేలంవెర్రి" అనే మాట మన తెలుగువాళ్ళు ఊరికే పుట్టించలేదు. పక్కవాడు పాట పెంచాడని మనమూ పెంచడం, తీరా సరుకు ఇంటికొచ్చాక తల పట్టుకోవడం. ఈ జబ్బు ఈనాడు సెల్‌ఫోన్ల ద్వారా మన హాస్టలు గదుల్లోకీ వచ్చేసింది. నేను చెప్పబోయేది ఆన్‌లైన్ ఫుట్‌బాల్ మేనేజరు ఆటల సంగతి.

"చదువూ సంధ్యా లేదా?" అని లెక్చరర్లు నొసలు చిట్లించవచ్చు. ఇవి డబ్బొడ్డి ఆడే ఆటలు కావు. అటువంటివాటిని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. 1997లో స్వీడన్‌లో పుట్టిన "హ్యాట్రిక్" ఆటనే తీసుకుందాం. అందులో ఆటగాళ్ళను కొనే సొమ్ము ఉత్తుత్తిదే. ఖర్చయ్యే బుర్రా, కాలమూ మాత్రం నిజమైనవే. అందుకే ఆడేవాళ్ళు తెలివిగా ఆడాలంటాను.

అందులో ఒక ఆటగాణ్ణి అమ్మకానికి పెడితే వేలం 3 రోజులు నడుస్తుంది. ఆఖరి 3 నిమిషాల్లో ఎవరైనా పాట పాడితే గడువు మళ్ళీ పెరుగుతుంది. కనుక చివరి క్షణంలో గద్దలా తన్నుకుపోదామంటే కుదరదు. గడియారం కన్నా ముందు లెక్క చూసుకోవాలి.

ఏమిటా లెక్క? పాట ధర ఒక్కటే ఖర్చు కాదు, వారం వారం జీతం ఉన్నది. పరదేశపు ఆటగాడికి జీతం 20 శాతం ఎక్కువ. ఒకే పాటి సత్తా గల ఇద్దరున్నారనుకోండి. పరదేశీ ధర 3,00,000, జీతం 12,000. స్వదేశీ ధర 3,20,000, జీతం 10,000. సీజనంటే 16 వారాలు. మొదటివాడికయ్యేది 4,92,000, రెండోవాడికి 4,80,000. చవక అనుకున్నవాడే ఖరీదైనవాడు! దీనికి తోడు వయసు చూడాలి. 17 ఏళ్ళ కుర్రాడు శిక్షణతో త్వరగా ఎదుగుతాడు, రేపు అమ్మితే సొమ్ము తిరిగొస్తుంది. ముప్ఫై దాటినవాడి విషయంలో ఆ ఆశ తక్కువ.

వేళ కూడా ముఖ్యమే. మనకు ఉదయం ఏడు గంటలైతే స్వీడన్‌లో జనం ఇంకా నిద్రలోనే ఉంటారు. యూరప్ నిద్రపోయే వేళ ముగిసే వేలంలో పోటీ పలచబడుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గెలుపులోనే ఉంది. మెక్సికో సింధుశాఖలో చమురు లీజుల వేలాలను పరిశీలించిన ముగ్గురు ఇంజనీర్లు 1971లోనే ఈ సంగతి వివరించారు. పదిమంది ఒకే వస్తువుకు వెల కడితే, గెలిచేది సాధారణంగా అందరికన్నా ఎక్కువ ఊహించుకున్నవాడే. దీన్నే "విజేత శాపం" అంటారు. పోటీదారులు పెరిగేకొద్దీ మన పాట తగ్గాలి. మనం చేసేది సరిగ్గా తలకిందులు!

నిజమైన క్లబ్బులూ ఇందుకు అతీతం కావు. 2017లో నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించింది. బార్సిలోనా జేబు నిండిందని ఊరందరికీ తెలిసిపోయింది. 2018 జనవరిలో అది కుటీన్యోను 12 కోట్ల యూరోలకు తక్కువ కాకుండా కొన్నది. 2020 ఆగస్టులో అతడే బయర్న్ మ్యూనిక్‌కు అరువుపై ఆడుతూ, బార్సిలోనా 8-2తో ఓడిన మ్యాచిలో దాని మీదే రెండు గోల్సు కొట్టాడు!

"ఎప్పుడూ తప్పుకుంటూ పోతే జట్టెలా కట్టేది?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన జట్టుకు కొరవడిన ఒకే ఒక్క స్థానానికి సరిపోయేవాడు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం తప్పు కాదు. అయితే ఆ నాలుగు డబ్బులు ఎంతో వేలం మొదలవక ముందే కాగితం మీద రాసుకోవాలి. పాట వేడెక్కాక రాసిన అంకె మనది కాదు, ఎదుటివాడిది.

మిత్రులారా! రేపు ఇంటి స్థలానికో, పాత బండికో నిజమైన రూపాయలతో మనం పాట పాడవలసి వస్తుంది. హద్దు దాటగానే నోరు మూసుకుని లేచి వచ్చే అలవాటు ఉత్తుత్తి సొమ్ముతోనే నేర్చుకుంటే మనకే మంచిది.