మాటలో తేడా కొంతే... కొలమానం కావాలి
నరసాపురం పోరులో మత్స్యకార, ఆక్వా హామీల తీరు

మొగల్తూరు: సినీరంగానికి కృష్ణంరాజు, చిరంజీవిని అందించిన ఊరుగా మొగల్తూరుకు రాష్ట్రమంతటా పేరుంది. అయితే ఈ ప్రాంత ఓటరు పేరును చూసి మాత్రమే తీర్పు ఇవ్వడు. కృష్ణంరాజును 1999లో నరసాపురం లోక్‌సభ స్థానం నుంచి గెలిపించిన జిల్లాయే 2009లో చిరంజీవిని పాలకొల్లులో ఓడించింది. అదే ఏడాది నరసాపురం అసెంబ్లీ స్థానం కూడా ప్రజారాజ్యానికి దక్కలేదు. మొగల్తూరు, నరసాపురం మండలాలతో కూడిన ఈ నియోజకవర్గంలో 2024 పోరును విధానాల పరంగా పరిశీలిస్తే వచ్చే ఎన్నికలకు పనికొచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

ఇద్దరు ప్రత్యర్థులు

2024 మే 13న జరిగిన పోలింగులో వైకాపా నుంచి అప్పటి ప్రభుత్వ చీఫ్ విప్ ముదునూరి ప్రసాదరాజు, తెదేపా, భాజపా బలపరచిన జనసేన అభ్యర్థిగా బొమ్మిడి నాయకర్ తలపడ్డారు. నాయకర్ 49 వేలకు పైగా ఆధిక్యంతో గెలుపొందారు. 2019లో ఇదే ప్రసాదరాజు నాయకర్‌పై ఆరు వేలకు పైగా ఓట్లతో నెగ్గారు. అప్పుడు తెదేపా విడిగా పోటీచేసి మూడో స్థానంలో నిలిచింది. విజేతకు పోలైన ఓట్లలో సగం కూడా రాలేదు. కనుక 2024 తీర్పులో విధానాలతో పాటు పొత్తు లెక్కకూ పెద్ద వాటా ఉంది.

వేట విరామ సాయం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో పేరుపాలెం తీరం వెంబడి ఉన్న మత్స్యకార కుటుంబాలకు ఆదాయం ఆగిపోతుంది. వైకాపా ప్రభుత్వం 2019లో ఈ సాయాన్ని రూ.10 వేలకు పెంచింది, డీజిల్ రాయితీని లీటరుకు రూ.9 చేసింది. 2024లో ఆ పథకాన్నే కొనసాగిస్తామని చెప్పింది. కూటమి మాత్రం సాయాన్ని రూ.20 వేలు చేస్తామని ప్రకటించింది. చెరువుల వేలానికి సంబంధించిన జీవో 217ను రద్దు చేస్తామనీ హామీ ఇచ్చింది. ఈ జీవోకు వ్యతిరేకంగా పవన్ కల్యాణ్ 2022 ఫిబ్రవరిలో నరసాపురంలోనే బహిరంగ సభ నిర్వహించారు.

ఈ రెండు హామీలనూ అంకెతో, ఉత్తర్వుతో సరిచూడవచ్చు. జీవో రద్దుకు 2024 ఆగస్టులో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రూ.20 వేల సాయం 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ప్రారంభమైంది.

ఆక్వా విద్యుత్తు

రొయ్యల రైతుకు యూనిట్ రూ.1.50 ధర విషయంలో రెండు పక్షాల మధ్య అంతరం ధరలో కాదు, పరిధిలో ఉంది. వైకాపా హయాంలో ఈ రాయితీని ఆక్వా జోన్‌లోని పరిమిత విస్తీర్ణానికి వర్తింపజేశారు. జోన్‌తో నిమిత్తం లేకుండా ఇస్తామన్నది కూటమి మాట. అంతకుముందు 2022 నవంబరు 21న నరసాపురంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ మత్స్య విశ్వవిద్యాలయం, బియ్యపుతిప్ప చేపల రేవు, జిల్లా తాగునీటి పథకాలకు శంకుస్థాపన చేశారు. ఒక పక్షం శిలాఫలకాలను చూపింది, మరో పక్షం రాయితీ పెంపును ముందుంచింది.

నీటి ప్రశ్న

అందరూ చేయి వేసినా తేలని అంశం నీరు. భీమవరం మండలం తుందుర్రు ఆక్వా పార్కు వ్యర్థాలతో గొంతేరు డ్రెయిన్ కలుషితమవుతుందని పరిసర గ్రామాలు ఉద్యమించాయి. అప్పటి తెదేపా ప్రభుత్వం వ్యర్థజలాలను గొట్టం ద్వారా సముద్రంలోకి పంపుతామంది. ప్రతిపక్ష నేతగా జగన్ 2016లో అక్కడికి వచ్చి గ్రామస్థులకు మద్దతు పలికారు. పవన్ కల్యాణ్ కూడా బాధితుల పక్షాన మాట్లాడారు. 2017 మార్చి 30న మొగల్తూరు మండలం నల్లంవారితోటలోని రొయ్యల శుద్ధి కర్మాగారంలో తొట్టి శుభ్రం చేస్తూ ఐదుగురు కార్మికులు విషవాయువుకు బలయ్యారు.

నాడు గళమెత్తిన ఇద్దరు నేతలూ ఆ తరువాత అధికారం చూశారు. జగన్ ఐదేళ్లు ముఖ్యమంత్రిగా పనిచేశారు. 2024 జూన్‌లో ఉప ముఖ్యమంత్రి పదవితో పాటు గ్రామీణ నీటి సరఫరా, పర్యావరణ శాఖలు పవన్ చేతికి వచ్చాయి. ప్రతిపక్షంలో ఉండి మాట్లాడాం, అధికారం లేదు అనే వెసులుబాటు ఇక ఏ పక్షానికీ లేదు.

అడగవలసినవి

నగదు హామీ నెరవేరిందో లేదో బ్యాంకు ఖాతా చెబుతుంది. మురుగు కాలువ పరిస్థితికి అలాంటి పుస్తకం ఏదీ లేదు. అందుకే అభ్యర్థులు గ్రామాలకు వచ్చినప్పుడు ఓటర్లు మూడు ప్రశ్నలు వేయాలి. గొంతేరు నీటిని ఎన్ని నెలలకొకసారి పరీక్షించి ఫలితాలను పంచాయతీ గోడపై అతికిస్తారు? కర్మాగారాల తొట్లలోకి కార్మికులను దించే ముందు తనిఖీ బాధ్యత ఏ అధికారిది? కాలువ శివారు గ్రామాలకు తాగునీరు ఏ తేదీలోగా అందుతుంది? వీటికి తేదీతో, అధికారి హోదాతో సహా బదులిచ్చిన అభ్యర్థి మాటనే విధానంగా లెక్కించవచ్చు.