గుస్సాడీకి 'వన్ మోర్' చెప్పకండి!

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఈమధ్య ఒకే ప్రశ్న రకరకాల వేషాల్లో కనిపిస్తోంది. "ఆసిఫాబాద్ ఎప్పుడు వెళితే బావుంటుంది?" అని ఒకరు, "కొమురం భీం ఊరు చూడాలి, మంచి హోటళ్లున్నాయా?" అని ఇంకొకరు, "నాగోబా జాతరలో రీల్స్ తీసుకోనిస్తారా?" అని మరో పాఠకురాలు. ఇదంతా 2022 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' వచ్చిన దగ్గర్నుంచీ మొదలైన సందడి. పోనీలెండి, సినిమా పుణ్యమా అని మ్యాపులో ఆ మూల కూడా కుర్రకారుకి కనిపించింది!

అయితే ఒక్కమాట ముందే చెప్పేస్తున్నా. ఆసిఫాబాద్ ఊటీ కాదు, కొడైకెనాల్ అంతకన్నా కాదు. సాయంత్రం షికారుకి మాల్ రోడ్డు ఉండదు. మామూలు రోజుల్లో వెళితే నిదానమైన చిన్న ఊరు, బస్టాండు, బజారు, అంతే. కానీ ఏడాదిలో మూడు నాలుగు సార్లు ఆ ఊరి చుట్టూ ఉన్న కొండలూ గూడేలూ ఒక్కసారిగా మేలుకుంటాయి. ఆ రోజుల్ని పట్టుకోవాలి. ఆ రోజుల్ని పట్టుకోవాలంటే క్యాలెండరు కాదు, పంచాంగం కావాలి. తేదీ ప్రతి ఏడూ మారుతుంది, తిథి మారదు.

ముందు రైలు సంగతి. టికెట్ బుక్ చేసేటప్పుడు 'ఆసిఫాబాద్ రోడ్' అనే పేరు చూసి, దిగితే ఊళ్లోనే ఉంటామనుకుంటారు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో నాతోపాటు దిగిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు స్టేషన్ బయట నిలబడి "ఊరేదండీ?" అని అడిగితే టీ కొట్టాయన నవ్వి, "ఆసిఫాబాద్ రోడ్ అంటే ఆసిఫాబాద్‌కు పొయ్యే రోడ్డు బాబూ, ఊరు ఈడలేదు. బస్సెక్కుండ్రి" అన్నాడు. పదిహేను కిలోమీటర్ల పైమాటే. పెద్ద రైళ్లయితే కాగజ్‌నగర్‌లో దిగి బస్సు పట్టుకోవడం నయం. ఇంకో తిరకాసు ఉంది. ఈ ప్రాంతంలో సిర్పూర్లు రెండు. సిర్పూర్-టి అనేది కాగజ్‌నగర్ వైపు, సిర్పూర్-యు అనేది జైనూర్ వైపు. పేరు సగం విని బస్సెక్కితే సినిమాలో అన్నదమ్ముల్లా తప్పిపోతారు. క్లైమాక్స్‌లో కలుస్తారన్న గ్యారంటీ లేదు!

బస ఎక్కడ? ఇది మీరు వెళ్లే పండగని బట్టి ఉంటుంది. జోడేఘాట్, జంగుబాయి, ఆ చుట్టుపక్కల గూడేల దీపావళి చూడాలంటే ఆసిఫాబాద్‌లోనో కాగజ్‌నగర్‌లోనో దిగండి. కేస్లాపూర్ నాగోబా జాతరకైతే ఆదిలాబాద్ మేలు. జాతర జరిగే కేస్లాపూర్ ఇంద్రవెల్లి మండలంలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీశాక అది ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండిపోయింది. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాటు, జైనూర్, ఉట్నూరు మీదుగా వెళ్లొచ్చు గానీ రెండు మూడు గంటల దారి. నా మట్టుకు నేను ఆ దారే ఎంచుకుంటాను. కెరమెరి ఘాటులో బస్సు మలుపులు తిరుగుతుంటే కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు.

అన్నట్టు అమ్మాయిలకి ఓ మాట. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ కార్డు మరిచిపోకండి. జాతరకి ఆర్టీసీ వాళ్లు ప్రత్యేకంగా బస్సులు వేస్తారు. వచ్చేటప్పుడు మాత్రం అర్ధరాత్రి దాటాక బస్సు కోసం వెతుక్కోకుండా తెల్లవారేదాకా జాతరలోనే ఉండేలా ప్లాన్ చేసుకోండి. చలి గురించి వేరే చెప్పాలా? పుష్యమాసంలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఈ ప్రాంతం ఒకటి. హీరోలా పల్చటి జాకెట్టు వేసుకుని ఫోజు పెడదామనుకునేవాళ్లు ఒక దుప్పటి కూడా సంచీలో పెట్టుకోండి. మంట దగ్గర చోటు దొరికితే అదృష్టం.

ఇక అసలు జాతర. పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ. పూజ చేసేది గోండుల్లో మెస్రం వంశంవాళ్లు. దానికి చాలా రోజుల ముందే వాళ్లు కాలినడకన బయల్దేరి, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగులో గోదావరి జలం ఝరీలో తెచ్చుకుంటారు. కాళ్లకు చెప్పులుండవు. తిరిగొచ్చాక కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. మనవాళ్లు చాలామంది నేరుగా అమావాస్య సాయంత్రం దిగి, క్యూలో నిలబడి, దండం పెట్టుకుని, మిర్చిబజ్జీ తిని వెళ్లిపోతారు. నన్నడిగితే ఒకరోజు ముందే చేరుకోండి. ఆ మర్రిచెట్ల కింద ఎడ్లబండ్లు, పొయ్యిలు, పిల్లలు, ముసలివాళ్లు... ఒక వంశం మొత్తం ఒక్కచోట చేరితే ఎలా ఉంటుందో అక్కడ చూడాలి. దూరంగా కూర్చుని చూడండి. అది వాళ్ల ఇల్లు. గోడలు లేవంతే.

పూజ రాత్రి తర్వాత 'భేటింగ్' ఉంటుంది. మెస్రం ఇంటికి వచ్చిన కొత్తకోడళ్లు తెల్లని వస్త్రాల్లో, ముసుగు వేసుకుని, నాగోబాకూ వంశపెద్దలకూ పరిచయమవుతారు. అది జరిగేదాకా వాళ్లకి ఆ దేవుడి పూజలో పాల్గొనే అర్హత రాదు. అంటే ఆ పిల్ల జీవితంలో ఒక్కసారి జరిగే ఘట్టం. ఆ ముసుగు కిందకి ఫోను దూర్చే మహానుభావులున్నారు. మీ అక్క పెళ్లిలో తలంబ్రాల మధ్యకి ఎవడో ముక్కూమొహం తెలియనివాడు కెమెరాతో దూరితే మీరేం చేస్తారో, వాళ్లూ అదే చెయ్యొచ్చు. చెయ్యరు, మర్యాదస్తులు కాబట్టి.

ఇప్పుడున్న నల్లరాతి గుడి 2022 చివర్లో ప్రారంభమైంది. మెస్రం వాళ్లు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్న గుడి అది. శిల్పాలు తీరిగ్గా చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి.

జాతరలో దర్బారు రోజు ఒకటుంటుంది. మంత్రులు, కలెక్టర్లు వచ్చి గిరిజనుల ఫిర్యాదులు వింటారు. ఇది ఎలా మొదలైందో తెలిస్తే ఆ రోజు విలువ తెలుస్తుంది. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో కొమురం భీం, ఆయన సహచరులు చనిపోయారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తకు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో కలిసి జైనూర్ దగ్గర మర్లవాయి గూడెంలో కాపురం పెట్టాడు. జనం ఎలాగూ జాతరకి వస్తారు, సర్కారే అక్కడికొచ్చి వింటే సరిపోతుంది కదా అన్న ఆలోచనతో 1940లలోనే దర్బారు మొదలైంది. బెట్టీ 1987లో పోయారు. ఆమె సమాధి, పక్కనే ఆయనదీ మర్లవాయిలోనే ఉన్నాయి. ఏటా జనవరి 11న ఊరివాళ్లు వాళ్లని తలుచుకుంటారు. అయితే టూరిస్టుగా మీకు ఒక్కరోజే ఉంటే దర్బారు రోజు వద్దు. పోలీసు బందోబస్తు, కార్ల దుమ్ము, వాహనాలు ఎక్కడో ఆపేస్తారు. రెండ్రోజులుంటే మాత్రం వెళ్లి ఓ మూల కూర్చుని వినండి. భీం అడిగిన భూమీ అడవీ ఇప్పటికీ ఆ మైకులో వినపడతాయి.

భీం అన్నాక సినిమా సంగతి చెప్పుకోకపోతే ఈ పత్రికలో మనమెందుకు? ఎన్టీఆర్ భీంగా 'నాటు నాటు'కు స్టెప్పులేసింది ఉక్రెయిన్‌లోని కీవ్ రాజభవనం ముందు. అసలు భీం తిరిగింది కెరమెరి కొండల్లో. రాజమౌళి తీసింది కల్పిత కథ, అది ఆయనే చెప్పారు. అంతకు చాలా ముందే అల్లాణి శ్రీధర్ భూపాల్ రెడ్డితో 'కొమరం భీమ్' తీశారు. 1990లో తయారైన ఆ సినిమా థియేటర్లకు వచ్చింది 2010లో. ఇరవై ఏళ్లు డబ్బాల్లోనే! దొరికితే చూసి వెళ్లండి. సాహు, అల్లం రాజయ్య రాసిన నవల కూడా ఉంది, 1983 నాటిది. రైల్లో చదువుకోడానికి అంతకన్నా మంచి పుస్తకం లేదు.

జోడేఘాట్‌లో భీం వర్ధంతి ఆశ్వయుజ పౌర్ణమికి చేస్తారు. కెరమెరి దాటాక హట్టి దగ్గర దారి మళ్లుతుంది. విగ్రహం, మ్యూజియం ఉన్నాయి. వర్ధంతి నాడు జనం, ఉపన్యాసాలు ఎక్కువ. ఆ కొండ గాలిని ఒంటరిగా పీల్చుకోవాలంటే తర్వాతి రోజు వెళ్లండి.

ఆ పౌర్ణమి దాటి దీపావళి దగ్గర పడుతుంటే దండారీ మొదలవుతుంది. నా ఓటు దీనికే! ఒక గూడెంవాళ్లు ఇంకో గూడేనికి అతిథులుగా ఆడుతూ పాడుతూ వెళతారు. ముందు డప్పులు, వెనక గుస్సాడీలు. తలమీద నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర. ఆ కొద్దిరోజులూ గుస్సాడీ స్నానం చెయ్యడు. అతను వేషం కట్టిన మనిషి కాదు, దేవుడు ఆవహించిన మనిషని వాళ్ల నమ్మకం.

జైనూర్ వైపు ఒక గూడెంలో నేను కళ్లారా చూసిన సంగతి చెప్తాను. పట్నం నుంచి నలుగురు కుర్రాళ్లు వీడియో తీయడానికి వచ్చారు. ఆట మంచి ఊపులో ఉంది. అందులో ఒకడు చెయ్యెత్తి, "వన్ మోర్ సార్! ఈసారి కాస్త ఎండలోకి వచ్చి..." అన్నాడు. డప్పు ఆగిపోయింది. గూడెం మొత్తం అతనివైపు చూసింది. ఒక ముసలాయన లేచి వచ్చి, కోపం లేకుండానే అన్నాడు: "ఆట గాదు కొడుకా ఇది. దేవుడు వచ్చిండు. దేవుణ్ణి పొయ్యి మళ్ల రా అంటవా?" కుర్రాడు కెమెరా కిందికి దించాడు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డప్పు మళ్లీ మొదలైంది. మధ్యాహ్నం ఆ నలుగుర్నీ బంతికి పిలిచింది కూడా ఆ ముసలాయనే.

రీల్స్ గురించి అడిగిన పాఠకురాలికి జవాబు ఇదే. ముందు ఊరి పటేల్‌ని అడగండి. 'రాం రాం' అని పలకరించండి, అది అక్కడి నమస్కారం. ఒప్పుకుంటే పక్కనుంచి తీసుకోండి. ఎదురుగా అడ్డం నిలబడొద్దు, టోపీని ముట్టుకోవద్దు, "మాకోసం ఒక్క స్టెప్పు" అనొద్దు. ఈ పండగ మీరు రాకపోయినా జరుగుతుంది. పోయిన ఏడూ జరిగింది. మర్లవాయికి చెందిన కనకరాజు గారు గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ ప్రకటించే స్థాయి తెచ్చారు. 2024 అక్టోబరులో దీపావళి వారం రోజుల్లో ఉందనగా కన్నుమూశారు. ఆ దీపావళికీ గూడేల్లో డప్పు మోగింది.

ఎక్కువమంది గుస్సాడీలను ఒకేచోట చూడాలంటే దండేపల్లి మండలం గుడిరేవుకు వెళ్లండి. గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడికి దండారీ బృందాలన్నీ వస్తాయి. మంచిర్యాల నుంచి దగ్గర. అయితే గుంపులో చూసినదానికీ, ఒక గూడెంలో వాకిట్లో కూర్చుని చూసినదానికీ చాలా తేడా ఉంది. ఏది మేలో నేను చెప్పక్కర్లేదు.

మిగిలినవి టూకీగా. కెరమెరి మండలం మహారాజ్‌గూడ అడవుల్లో జంగుబాయి గుహ ఉంది. పుష్యమాసమంతా జాతరే. ఆ పక్క సరిహద్దు గ్రామాల్ని మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ అంటాయి, అక్కడివాళ్లు రెండుచోట్లా ఓటేస్తారు! రెబ్బెన మండలం గంగాపూర్‌లో బాలాజీ జాతర మాఘ పౌర్ణమికి. కుటుంబంతో వెళ్లేవాళ్లకి సులువైనది అదే.

కొనుక్కోడానికా? జాతర దుకాణాల్లో గాజులు, గిన్నెలు, ప్లాస్టిక్ బొమ్మలు మీ ఊళ్లోనూ దొరుకుతాయి. అక్కడ కొనాల్సింది డోక్రా. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. ఒక అచ్చుతో ఒకే బొమ్మ. అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జైనూర్ మండలం ఉషేగావ్‌లో చేసేవాళ్ల ఇంటికే వెళ్లి కొనొచ్చు. నోట్లు దగ్గర పెట్టుకోండి, అన్నిచోట్లా ఫోనుతో చెల్లింపు కుదరదు. బేరం మాత్రం మరీ చెయ్యకండి. మల్టీప్లెక్సులో పాప్‌కార్న్‌కి అడిగినంత ఇచ్చి వస్తున్నాం కదా, ఇక్కడ పది రూపాయల దగ్గర పౌరుషమెందుకు?

కేస్లాపూర్ వెళ్లేవాళ్లు ఇంద్రవెల్లిలో ఓ అరగంట ఆగండి. 1981 ఏప్రిల్ 20న, సంత రోజున, భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగింది అక్కడే. స్తూపం ఉంది. అక్కడ ఫోజులు వద్దు.

పుష్య అమావాస్యకు నాగోబాను చూసి, ఇంకో నాలుగు రోజులు సెలవు మిగిలితే వెనక్కి రాకండి. ఐదోరోజు వసంత పంచమి. బాసరలో పలకా బలపం పట్టుకుని పసిపిల్లలు బారులు తీరతారు. ఆ క్యూ ఎలా దాటాలో వచ్చేవారం.