పిల్లలకొక మాట, పెద్దలకొక మాటా?

ఈ రోజుల్లో మన ఇళ్ళలో పిల్లల చేతికి పలకకన్న ముందు ఫోను అందుతున్నది. అందులో ఆటలున్నవి, పాటలున్నవి, అక్షరాలు దిద్దించే బొమ్మలున్నవి. అవి మంచివా, కావా అన్న చర్చ ఇంటింటా జరుగుతూనే ఉన్నది. ఈ నెల మేము మనవి చేయదలచినది మరొక సంగతి. ఆ తెరమీద కనిపించే చిన్న చిన్న మాటలను గురించి. వాటిని వ్రాసేవారికి ఎదుట ఇద్దరు చదువరులుంటారు: ముందు బిడ్డ, ఆ బిడ్డ భుజం మీదుగా తల్లి.

ఆట మధ్యలో తాళం పడినదనుకొందాము. "అనుమతి నిరాకరించబడినది" అని ఎర్రటి అక్షరాలు కనబడితే, ఆరేళ్ళ బిడ్డకు తట్టేది ఒక్కటే, తానేదో తప్పు చేశానని. ఎందుకు ఆగినదో తల్లికీ తెలియదు. "ఇది తెరవాలంటే ఇంట్లో పెద్దవాళ్ళను పిలువు. నువ్వు ఆడిన ఆట ఎక్కడికీ పోదు" అని ఉంటే బిడ్డ బెదరదు, తల్లికీ సంగతి తెలుస్తుంది.

"మీ బిడ్డ క్షేమమే మా ధ్యేయం" అని వ్రాసినంత మాత్రాన తల్లి మనసు కుదుటపడదు. ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. బిడ్డ గొంతు, ఫొటో ఎక్కడికి పోతున్నవి? కొత్తవాళ్ళెవరైనా బిడ్డతో మాట్లాడగలరా? తెలియక నొక్కితే డబ్బు పోతుందా? "పాడిన పాట ఈ ఫోనులోనే ఉంటుంది. మీరు చెరిపితే పోతుంది" అంటే అది జవాబు. అయితే అది నిజమై ఉండవలె.

పెద్దలతో "బిడ్డ ఏమి చూస్తున్నదో మీకు చెబుతాము" అని, బిడ్డతో "ఇది నీ సొంత చోటు, ఎవరూ చూడరు" అని చెప్పడం మోసం. ఏనాడో ఆ సంగతి బయటపడితే బిడ్డకు నమ్మకం పోయేది ఫోను మీద కాదు, తల్లిదండ్రుల మీద. 2020లో బ్రిటనులో అమలుకు వచ్చిన పిల్లల నియమావళి ఈ విషయమే చెప్పినది. పెద్దలు గమనిస్తున్నప్పుడు ఆ గుర్తు బిడ్డకు స్పష్టంగా కనబడవలె నన్నది.

మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. ఆ సమ్మతి అడిగే మాట తేటగా ఉండవలెననీ, ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో కోరిన భాషలో చూసుకొనే వీలుండవలెననీ చెప్పినది. తెలుగు వాటిలో ఒకటి. నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. అమలు దశలవారీగా జరుగుతుంది.

ఇది మనబోటి కుటుంబాలకు మరీ ముఖ్యం. మధురైలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో మన పిల్లలు చాలమంది చదివేది బడిభాష. తెలుగు వారికి చెవికి తెలిసినది. తెలుగు చదివేది నాయనమ్మ, అమ్మమ్మ. కనుక పెద్దలకు తెలుగులో వ్రాసి చూపవలె, పిల్లలకు అదే మాట గొంతుతో వినిపించవలె. అది నిఘంటువు తెలుగు గాక ఇంట్లో పలికే తెలుగు కావలె.

సోదరీమణులకు మా మనవి ఒక్కటే. "సరే" అని నొక్కబోయే ముందు ఆ మాటలను బిడ్డకు పైకి చదివి వినిపించండి. వినిపించడానికి మీకే సంకోచం కలిగితే నొక్కకండి. బెంగుళూరులో ఈ వృత్తిలో ఉన్న మన యువకులు, యువతులు కూడా తాము వ్రాసిన మాటను ఒకసారి పసిబిడ్డకు, ఒకసారి ముసలమ్మకు చదివి చూతురు గాక!