ద్వీప దేశాల విపత్తు పరిశోధనలో స్థానిక నిపుణుల భాగస్వామ్యంపై తీర్మానం

(అధ్యక్షస్థానం నుంచి ప్రతిపాదించగా, వార్షిక సర్వసభ్య సమావేశం చర్చించి, ఒక సవరణతో ఆమోదించినది)

భూకంపాలు, సునామీలు, అగ్నిపర్వతాలు, తుపానులపై పనిచేస్తున్న తెలుగు శాస్త్రవేత్తలు, అధ్యాపకులు, విపత్తు నిర్వహణ ఉద్యోగులు సభ్యులుగా గల ఈ సంఘం, హిందూ మహాసముద్రం, పసిఫిక్, కరీబియన్ దీవుల్లో సాగుతున్న పరిశోధన తీరును సమీక్షించి ఈ కింది విషయాలను నమోదు చేస్తోంది.

సమావేశం గమనించిన అంశాలు

1. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఏర్పడిన హిందూ మహాసముద్ర హెచ్చరిక వ్యవస్థలో హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్), ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతో పాటు తీర దేశాలకు సునామీ సమాచారం పంపుతోంది. మాల్దీవులు, మారిషస్, సీషెల్స్ వంటి దీవులు కూడా ఈ సేవ పరిధిలోనివే. అయితే జనాన్ని ఖాళీ చేయించాలా వద్దా, ఆ సంగతి ఏ మాటల్లో చెప్పాలి అన్న నిర్ణయం ఆయా దేశాల అధికారులదే. హైదరాబాద్ నుంచి వెళ్లిన సమాచారం ఎంత కచ్చితమైనదైనా, ప్రాణాలు దక్కడం ఆ తర్వాతి అంచె మీదే ఆధారపడి ఉంటుంది. ఆ అంచెలో ఉండేది స్థానిక నిపుణులే.

2. హెచ్చరిక మాట అన్ని దీవులకూ ఒకేలా సరిపోదు. ‘ఎత్తయిన చోటికి వెళ్లండి’ అన్న సూచన అగ్నిపర్వత దీవిలో పనికొస్తుంది. చాలా చోట్ల సముద్ర మట్టానికి రెండు మీటర్ల ఎత్తు కూడా లేని మాల్దీవుల్లో ఎక్కడానికి గుట్ట అంటూ లేదు. అక్కడ ఏ భవనం పై అంతస్తు నిలుస్తుందో, మసీదు మైకు ఎంత దూరం వినిపిస్తుందో తెలిసినవారే సరైన సూచన రాయగలరు. సుమారు 3 లక్షల జనాభాలో వందకు పైగా భాషలు మాట్లాడే వనువాటులో, ఏ ఊళ్లో ఏ భాషలో చెప్పాలన్నది కూడా నిపుణుల ప్రశ్నే.

3. 1998 జూలైలో పాపువా న్యూ గినీలోని ఐటాపే తీరాన సునామీకి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ విషాదంపై తీసిన వీడియోను మరుసటి ఏడాది వనువాటులోని పెంటెకోస్ట్ దీవిలో బే మార్టెల్లి గ్రామస్థులకు చూపించారు. కొద్ది వారాలకే, 1999 నవంబర్ చివర్లో, అర్ధరాత్రి భూమి కంపించింది. సముద్రం వెనక్కి పోతోందని తెలియగానే గ్రామస్థులు కొండ మీదికి పరుగెత్తారు. ఊరు కొట్టుకుపోయింది, జనం దాదాపు అంతా బతికారు. పక్క దేశపు అనుభవాన్ని ఊరి జనానికి అర్థమయ్యే రూపంలో అందించడమే అక్కడ పనిచేసింది.

4. 2007 ఏప్రిల్ 2న సాలమన్ దీవుల్లో 8.1 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ వచ్చి 52 మంది మరణించారు. నీళ్లు వెనక్కి పోవడం చూసి, తరతరాలుగా అక్కడ ఉంటున్నవారు కొండవైపు పరుగెత్తారు. కొన్ని దశాబ్దాల కిందట గిల్బర్ట్ దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డవారికి ఆ గుర్తు తెలియదు. మృతుల్లో వారి వాటా జనాభాలో వారి వాటా కంటే చాలా ఎక్కువ. ఇండోనేషియాలోని సిమెలూ దీవి 1907 సునామీని ‘స్మాంగ్’ పేరుతో కథల్లో, పాటల్లో నిలుపుకొంది. 2004లో దాదాపు 78 వేల మంది ఉన్న ఆ దీవిలో చనిపోయినవారు ఏడుగురు.

5. అలాగని పెద్దల మాట ఒక్కటే చాలదు. భూమి కంపిస్తే పరుగెత్తమన్న సూత్రం, ఎక్కడో దూరాన పుట్టి కంపనం తెలియకుండా వచ్చే అల గురించి ఏమీ చెప్పలేదు. 2004లో మాల్దీవులను తాకినది అలా దూరాన పుట్టిన అలే. అందువల్ల పరికరమూ కావాలి, పెద్దల జ్ఞాపకమూ కావాలి. రెండింటినీ కలిపి చదవగల మనిషి ఆ దీవిలోనే ఉండాలి.

6. సెయింట్ విన్సెంట్‌లోని లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం 1902లో సుమారు 1,600 మందిని బలిగొంది. అదే కొండ 2020 డిసెంబర్‌లో మళ్లీ మేల్కొన్నప్పుడు, ట్రినిడాడ్‌లోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయ భూకంప పరిశోధన కేంద్రం బృందం దీవిలోనే మకాం వేసింది. బృందానికి నాయకత్వం వహించిన ప్రొఫెసర్ రిచర్డ్ రాబర్ట్‌సన్ ఆ దీవి బిడ్డే. ఆయన రేడియోలో కొండ పరిస్థితిని జనం మాటల్లో వివరిస్తూ వచ్చారు. 2021 ఏప్రిల్ 8న ఖాళీ చేయమని ఆదేశం వెలువడింది. మర్నాడు ఉదయమే పేలుడు సంభవించింది. పేలుడు నేరుగా ఎవరి ప్రాణమూ తీయలేదు.

7. టాంగాలో హుంగా అగ్నిపర్వతం 2022 జనవరి 15న బద్దలైంది. అంతకు ముందు రోజే టాంగా జియలాజికల్ సర్వీసెస్ సిబ్బంది పడవలో వెళ్లి దాన్ని దగ్గర నుంచి చూసి వచ్చారు. పేలుడుతో సముద్రగర్భ కేబుల్ తెగి, అయిదు వారాల పాటు దేశానికి బయటి ప్రపంచంతో మామూలు సంబంధాలు లేకుండా పోయాయి. అలాంటి వేళ దూరాన ఉన్న ఏ పరిశోధనశాలా దీవిలో ఉన్న ఉద్యోగికి ప్రత్యామ్నాయం కాలేదు. ఆ తర్వాత ఆక్లాండ్ విశ్వవిద్యాలయంతో కలిసి టాంగా సంస్థే సముద్రగర్భాన్ని కొలిచి, అగ్నిబిలం సుమారు 850 మీటర్ల లోతుకు దిగిందని తేల్చింది.

8. ఇన్ని ఉదాహరణలున్నా, ప్రాంతీయ ప్రాజెక్టుల్లో స్థానిక నిపుణులకు దక్కుతున్నది చాలా సార్లు పడవ మాట్లాడటం, అనుమతి తెప్పించడం, దుబాసీ పని మాత్రమే. విపత్తు వచ్చిన వారంలోనే బయటి బృందాలు దిగుతాయి. సహాయ పనుల్లో తలమునకలైన చిన్న కార్యాలయం వారి ప్రశ్నావళులకు కూడా జవాబు చెప్పుకోవాలి. నమూనాలు విమానమెక్కుతాయి. రెండేళ్ల తర్వాత వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఒక పేరు కనిపిస్తుంది.

9. ఈ తీరుపై అభ్యంతరం కొత్తది కాదు. 1976లో కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో అగ్నిపర్వత సంక్షోభం వేళ శాస్త్రవేత్తలు బహిరంగంగా వాదులాడుకోగా, 70 వేలకు పైగా జనం నెలల తరబడి ఇళ్లకు దూరమయ్యారు. అలాంటి అనుభవాల దృష్ట్యానే సంక్షోభ సమయంలో శాస్త్రవేత్తల నడవడికపై అంతర్జాతీయ అగ్నిపర్వత శాస్త్ర సంఘం 1999లో మార్గదర్శకాలు ప్రచురించింది. వనువాటు 1985 నుంచి 1994 వరకు విదేశీయుల సాంస్కృతిక పరిశోధననే ఆపివేసి, ఆ తర్వాత స్థానికులకు మేలు చేయాలన్న షరతుతో అనుమతించింది. విపత్తు ముప్పు తగ్గింపుపై 2015 నాటి సెండాయ్ ఒప్పందం స్థానిక, సంప్రదాయ జ్ఞానం శాస్త్ర జ్ఞానానికి తోడు కావాలని చెప్పింది.

10. మారిషస్‌లోనూ ఫిజీలోనూ ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి వారసులు నేటికీ ఉన్నారు. ఆ దేశాల తీర భద్రత ఈ సంఘానికి పరాయి విషయం కాదు.

పై అంశాల దృష్ట్యా ఈ సమావేశం ఇలా తీర్మానిస్తోంది

అ) ద్వీప దేశాల్లో క్షేత్ర పరిశోధన తలపెట్టే సభ్యులు, నిధుల కోసం దరఖాస్తు పెట్టకముందే అక్కడి వాతావరణ, భూగర్భ, విపత్తు నిర్వహణ శాఖలతో కూర్చుని పరిశోధన ప్రశ్నను ఖరారు చేయాలి. తయారైన ప్రతిపాదన మీద సంతకం అడగడాన్ని భాగస్వామ్యంగా పరిగణించరాదు.

ఆ) ప్రాజెక్టు నిధుల్లో కనీసం నాలుగో వంతు స్థానిక సంస్థ ద్వారా ఖర్చు కావాలి. స్థానిక నిపుణుల సమయానికి వేతనం చెల్లించాలి. పరికరం ఇచ్చినప్పుడు విడిభాగాలకు, బ్యాటరీలకు, మరమ్మతు శిక్షణకు కూడా నిధులు కేటాయించాలి.

ఇ) సేకరించిన సమాచారం మనకు ఎప్పుడు అందుతుందో ఆ దేశపు సంస్థకూ అప్పుడే అందాలి. నమూనాలు దేశం దాటించాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. విశ్లేషణ ఫలితాలు ముందుగా వారికే చేరాలి.

ఈ) పరిశోధనలో పాలుపంచుకున్న స్థానిక నిపుణులు వ్యాస రచయితలుగా ఉండాలి. ప్రధాన ఫలితాలను స్థానిక భాషలో, ఊరి సభలో చెప్పిన తర్వాతే పని పూర్తయినట్టు లెక్క.

ఉ) జాలర్ల, గ్రామ పెద్దల జ్ఞానాన్ని వారి సమ్మతితో, వారు కోరితే పేర్లతో సహా నమోదు చేయాలి. దాన్ని కొలతలతో పోల్చి, ఎక్కడ సరిపోతుందో ఎక్కడ సరిపోదో వారికే వివరించాలి. కొత్తగా వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకూ ఆ జ్ఞానం చేరేలా చూడాలి.

ఊ) విపత్తు సమయంలో సభ్యులెవరూ ఆ దేశపు అధికారిక సంస్థను దాటి పత్రికలకు, ప్రజలకు హెచ్చరికలు, అంచనాలు ఇవ్వరాదు. భిన్నాభిప్రాయం ఉంటే ఆ సంస్థకే రాతపూర్వకంగా తెలపాలి. వారు పిలవనిదే సహాయ దశలో క్షేత్ర పర్యటన చేయరాదు.

ఋ) దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం, వెస్టిండీస్ విశ్వవిద్యాలయం వంటి ద్వీప దేశాల ఉమ్మడి సంస్థల్లో చదివినవారికి మన సంస్థల్లో ఏడాది కాలపు పరిశోధన అవకాశాలు కల్పించాలని కేంద్ర ప్రభుత్వాన్ని, విశ్వవిద్యాలయాలను కోరుతోంది. మన యువ పరిశోధకులు కూడా ఆ దీవుల కార్యాలయాల్లో, అక్కడి అధికారి పర్యవేక్షణలో పని నేర్చుకోవాలి.

ౠ) ద్వీప క్షేత్ర పరిశోధన ఆధారంగా రాసి, స్థానిక సహ రచయిత లేని వ్యాసాన్ని సంఘం పత్రిక స్వీకరించదు. పాత రికార్డులు, ఉపగ్రహ సమాచారం మాత్రమే వాడిన వ్యాసాలకు ఈ నిబంధన వర్తించదు. (ఈ మినహాయింపు చర్చలో వచ్చిన సవరణ.)

ఎ) అమలు తీరును పరిశీలించేందుకు అయిదుగురు సభ్యులతో ఒక ఉపసంఘం ఏర్పాటు చేస్తోంది. అందులో ఇద్దరు ద్వీప దేశాల నిపుణులై ఉండాలి. వచ్చే వార్షిక సమావేశంలో ఉపసంఘం నివేదిక సమర్పించాలి. నిబంధనలు పాటించని ప్రాజెక్టులను అందులో స్పష్టంగా పేర్కొనాలి.

ఏ) ఈ తీర్మానం ప్రతులను కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖకు, సంబంధిత విశ్వవిద్యాలయాలకు, సభ్యులు పనిచేస్తున్న ద్వీప దేశాల విపత్తు నిర్వహణ కార్యాలయాలకు పంపవలసిందిగా కార్యదర్శిని ఆదేశిస్తోంది. ఆ కార్యాలయాలు సూచించే మార్పులను వచ్చే సమావేశపు చర్చనీయాంశాల్లో మొదటి అంశంగా చేర్చాలి.

తీర్మానాన్ని సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇది నేటి నుంచి అమల్లోకి వస్తుంది. ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులు ఏడాదిలోగా ఈ నిబంధనలకు అనుగుణంగా మారాలి.