మౌనము అర్ధాంగీకారమా?

మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. పెండ్లిమాటలలో ఈ లోకోక్తి ఎందరు ఆడపిల్లల గొంతు నొక్కినదో చెప్పనలవి కాదు. ఇప్పుడది సంఘపరిపాలనలోను జొరబడి, మాటలాడనివారి పేర మాటలాడువారు కట్టుబాట్లు చేయుటకు సాధనమైనది. పదిమంది కూడి తమ వ్యవహారములను తామే చక్కబెట్టుకొనుట స్వపరిపాలనము. పదిమందిలో తొమ్మండుగురు నోరు మెదపక యుండగా ఒక్కడే అంతయు నిర్ణయించినచో దానికి ఆ పేరు తగునా? ఈ ప్రశ్నను చదువరుల యెదుట నుంచుచున్నాము.

మన రుషికొండనే చూడుడు. మెట్టలమీద సమాచార సాంకేతిక సంస్థల భవనములు, క్రింద సముద్రతీరము, చుట్టును నానాట పెరుగుచున్న కాలనీలు, అపార్టుమెంట్లు. ఈ కాలనీలకు ఇప్పుడు సెల్‌ఫోనే సభామందిరము. రుషికొండ మొదలు గాజువాక వరకు వాట్సప్ గ్రూపు లేని అపార్టుమెంటు అరుదు. నీటి ట్యాంకరు ఎన్నడు పిలువవలయును, వాచ్‌మనుకు జీతమెంత, లిఫ్టు బాగుచేయుటకు ఇంటికెంత, వినాయకచవితికి చందా యెంత అను విషయములు అచ్చటనే తేలుచున్నవి. రాత్రి పదిగంటలకు ఒక ప్రతిపాదన వచ్చును. ఐదారుగురు బొటనవ్రేలి బొమ్మ పెట్టుదురు. తెల్లవారుసరికి ‘అందరును ఒప్పుకొనిరి’ అను ప్రకటన వెలువడును. ఆ అందరిలో ఉక్కు కర్మాగారమున రాత్రి షిఫ్టుకు పోయినవాడు చేరడు. ఫోనుమీద తెలుగు వ్రాయుట చేతకాని వృద్ధుడు చేరడు. భర్త నంబరు మాత్రమే గ్రూపులో నున్న ఇల్లాలు చేరదు. ‘అద్దెకున్నవారికి మాటయేల’ అని ఒకనాడు అనిపించుకొనిన కుటుంబము చేరదు. నెల తిరుగగానే సొమ్ము కట్టునపుడు మాత్రము వీరందరును చేరుదురు!

ఇది ఒక్క ఊరి దోషము కాదు. ఇంటర్నెట్టుమీద ఏర్పడు సంఘములలో నూటికి తొంబదిమంది చదువుటతో సరిపెట్టుకొందురనియు, తొమ్మండుగురు అప్పుడప్పుడు పాల్గొందురనియు, ఒక్కడే కార్యభారములో అధికభాగము వహించుననియు 2006లో జేకబ్ నీల్సన్ అను పరిశోధకుడు స్థూలముగా లెక్కగట్టెను. చదివి యూరకుండుట తప్పని మేమనము. వినువాడు లేనిదే సభ లేదు. కాని మౌనములన్నియు ఒక్క జాతివి కావు. తృప్తిచేత కలుగు మౌనము వేరు, తీరిక లేమిచేత కలుగునది వేరు, భయముచేత కలుగునది వేరు. ఈ మూటిని ఒకే రాశిగా పోసి, దానిమీద ‘సమ్మతి’ యని ముద్రవేయుట అన్యాయము.

న్యాయస్థానముల పద్ధతి ఈ సందర్భమున స్మరింపదగినది. దావాలో ప్రతివాది హాజరు కానిచో కోర్టు ఎక్స్‌పార్టీ డిక్రీ నీయవచ్చును. అనగా మౌనమునకు అచ్చటను ఫలితము కలదు. అయినను ముందుగా సమను జారీయైనదా యని విచారింతురు. జవాబు చెప్పుకొనుటకు గడువిత్తురు. సమను సక్రమముగా అందలేదనియో, రాలేకపోవుటకు తగిన కారణము కలదనియో రుజువు చేసినచో, 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 9వ ఆర్డరు 13వ రూలు ప్రకారము ఆ డిక్రీని త్రోసిపుచ్చి దావాను తిరిగి విచారింతురు. కట్టుదిట్టములకు పేరుపడిన కోర్టులే మౌనికి మూడు హక్కులిచ్చుచున్నవి: తెలియజేయబడు హక్కు, గడువు పొందు హక్కు, తిరిగి తెరపించు హక్కు. ఇరుగుపొరుగులతో ఏర్పడిన సంఘము ఈమాత్రమైన నీయలేదా?

మన పూర్వపు రచ్చబండలను తలచుకొని గర్వించువారు కలరు. గర్వించుటకు కారణము లేకపోలేదు. కర్నూలు జిల్లాలో కాలువక్రింది గ్రామములను రాబర్ట్ వేడ్ అను పండితుడు పరిశీలించి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. ప్రభుత్వ పంచాయితీతో నిమిత్తము లేకయే కొన్ని గ్రామములు తమ పెద్దల సభను, తమ ఉమ్మడి నిధిని, పొలములకు నీరు పంచు మనుష్యులను, పైరుకాపరులను ఏర్పాటు చేసికొనుట ఆయన కనుగొనెను. నీరు దుర్లభమైన కాలువ చివరి గ్రామములందే ఈ కట్టుబాటు బలముగా నుండెను. ఇది మన ప్రజల సమర్థతకు నిదర్శనము. కాని ఆ సభలో కూర్చుండినవారు భూస్వాములు. స్త్రీలకును, భూమిలేని కూలివారికిని అందు చోటు లేదు. పాత రచ్చబండను పునరుద్ధరింపగోరువారు దాని నీడను మాత్రమే కాక, ఆ నీడ ఎవరిమీద పడలేదో అదికూడ చూడవలయును.

ఆ పేరుతోనే మన భాషలో ఒక క్రొత్త రచ్చబండ వెలసినది. 2003 డిసెంబరు 10వ తేదీన వెన్న నాగార్జునగారి చొరవతో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో సభ్యులు ఉమ్మడి విషయములు చర్చించు పుటకు రచ్చబండ యనియే పేరు. నేడు అందు లక్షకు మించిన వ్యాసములున్నవి. జీతము గొనక వ్రాసినవారి శ్రమయే వాని కాధారము. ఈ సంఘము తన్ను తాను పాలించుకొను తీరు గమనింపదగినది. ప్రతి వ్యాసము వెంట ఒక చర్చాపుట యుండును. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరము మార్చిరో చరిత్రలో నిలిచియుండును. నిర్వాహకులను సభ్యులే ఎన్నుకొందురు. తలలు లెక్కించుటకంటె హేతువును తూచి ఏకాభిప్రాయమునకు వచ్చుట అచ్చటి ఆదర్శము. ఇందులో మౌనికి గొప్ప ఉపకారమున్నది. నేడు పలుకలేనివాడు నెల తరువాత వచ్చి, జరిగినదంతయు చదివి, తన హేతువును చెప్పవచ్చును. వాట్సప్ గ్రూపులో నిన్నటి మాట నేటి శుభోదయముల వెల్లువలో కొట్టుకొనిపోవును, ఇచ్చట నిలిచియుండును.

అయినను తలుపు తెరచియుంచినంతమాత్రమున అందరును లోపలికి రారు. పలుభాషల వికీపీడియాల సంపాదకులను గూర్చి 2011లో జరిగిన సర్వేలో స్త్రీలు నూటికి పదిమందికి లోపుగా తేలిరి. వలదని వారితో ఎవరును అనలేదు. రమ్మనియు ఎవరును అనలేదేమో! మొదటి వాక్యమునకే కటువైన దిద్దుబాటు ఎదురైనచో రెండవ వాక్యము వ్రాయువారెందరు? హక్కు వేరు, ఆహ్వానము వేరు. హక్కును నియమావళి ఈయగలదు. ఆహ్వానమును మనుష్యులే ఈయవలయును.

ఆహ్వానించు విద్య మన ఆంధ్రులకు క్రొత్త కాదు. 1935లో కృష్ణా కాలువమీద పడవ గ్రంథాలయము నడచెను. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరి కడకు పోవలయునని ఆనాటి కార్యకర్తలు తలచిరి. నెల్లూరు జిల్లా దూబగుంట వృత్తాంతము ఇంకను గొప్పది. 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా కేంద్రములందు రాత్రివేళ కూడిన పల్లెస్త్రీలు పలకల నడుమ తమ కష్టములు చెప్పుకొనసాగిరి. ఊరి సభలో ఏనాడును లేచి నిలువని ఆ స్త్రీలు తమవంటివారి నడుమ మొదట నోరు విప్పిరి. పిమ్మట సారా దుకాణము ముందు నిలిచిరి. ఆ ఉద్యమము జిల్లాలు దాటగా, 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషేధింపబడెను. పెద్ద సభలో పలుకలేనివారు చిన్న కూటమిలో పలుకగలరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కాబట్టి మా సూచనలు సులభమైనవి. సొమ్ముతోగాని, నీటితోగాని, ఒకరి గౌరవముతోగాని ముడిపడిన ప్రతిపాదనను కనీసము ఏడు దినములు తెరచియుంచవలయును. దానిని ఫోనులో వేయుటతో నిలువక, మెట్లకడ బోర్డుమీద తెలుగున వ్రాసి అంటింపవలయును. ఒక్కొక్క అంతస్తునకు ఒకరు చొప్పున ఇంటింటికిపోయి, ఇంటిలోని ఆడవారిని, వృద్ధులను, అద్దెకున్నవారిని అడిగి వారి మాటను పుస్తకమున నెక్కింపవలయును. సభలో తక్కువగా మాటలాడువారికి ముందుగా అవకాశమీయవలయును. దిట్టలు పిమ్మట మాటలాడినను వారి వాగ్ధాటి తరుగదు. నిర్ణయముతోపాటు హేతువును వ్రాయవలయును. ఏడాదికొకసారి నిర్వాహకులు మారవలయును. నెలలోపల ఎవరైన కారణము చూపి కోరినచో విషయమును తిరిగి విచారింపవలయును.

నిర్వాహకులతో ఒక మాట. సభ్యులు వ్రాసినదానికి తాము బాధ్యులగుదుమను భయముచే, నిర్వాహకులు తప్ప అన్యులు వ్రాయరాని యేర్పాటు చేసికొనినవారు కలరు. ఇట్టి మీట వాట్సప్‌లో 2018 నుండి యున్నది. ఒక సభ్యుని దుష్టలేఖనమునకు, ఉమ్మడి సంకల్పము లేనిదే, గ్రూపు నిర్వాహకుడు బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచియు, 2022లో కేరళ హైకోర్టును తీర్పులిచ్చినవి. ఇక ఆ భయము సాకుగా పనికిరాదు. దుర్భాషను వారింపుడు; భాషను వారింపకుడు.

ఇట్లు చేసినచో పనులు ఆలస్యమగునని కొందరందురు. అగును. గొట్టము పగిలి నీరు కారుచుండగా ఏడు దినములు ఆగుమని మేమనము. ఆపత్కాలమున ఒకడు ముందుకువచ్చి పని నడపవలసినదే, పిదప లెక్క చెప్పవలసినదే. కాని ప్రతి దినమును ఆపత్కాలముగా చూపి పదేండ్లు ఒక్కడే పెత్తనము చేయుట తొందర కాదు, దొరతనము. మన తీరమున పెద్ద వలను ఒడ్డుకు లాగునపుడు త్రాటి చివర పట్టినవాడు కేకలు వేయడు. వాని చేయి సడలెనా వల రాదు. అందుచేతనే పంపకమునాడు వాని వంతు వానికుండును. అక్షరములు నేర్చి, సభలు తీర్చి, ఫోనులు చేతబట్టిన మనము మౌనముగా త్రాడు లాగుచున్నవారి వంతును మరచుట తగునా? దేశమునకు స్వపరిపాలనము 1947లో వచ్చినది. అది మన మెట్లెక్కి మన గుమ్మములోనికి వచ్చుట మన చేతిలోనున్నది. ఈ వారమే మీ సంఘములో ఇంతవరకు పలుకనివారొకరి తలుపు తట్టి, ‘మీ అభిప్రాయమేమి?’ అని అడుగుడు.