ఒడ్డున కాపలాకి మనమేనా?

కుటుంబమంతా కలిసి ఏ ఊరు ప్రయాణమైనా పెట్టె సర్దే పని మనదే. ఆయనగారి షేవింగ్ సెట్టు దగ్గర్నుంచి పిల్లల జ్వరం మాత్రల దాకా అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. చివర్లో మిగిలిన ఖాళీలో మన బట్టలు కుక్కుతాం. తీరా సముద్రం దగ్గరికి వెళ్ళాక అందరూ నీళ్ళలో కేరింతలు కొడుతుంటే చెప్పులకీ పర్సులకీ కాపలా కూర్చునేదీ మనమే.

ఈ చలికాలం మేం నలుగురం అండమాన్ వెళ్ళాలనుకుంటున్నాం. 2018 దాకా హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా డైవింగ్ చేయాలని పిల్లల పట్టు. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోటితో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగున పగడాలనీ చేపలనీ చూడడమన్నమాట. "నువ్వూ పిల్లలూ దిగండన్నయ్యా, వదిన ఒడ్డున ఉంటుందిలే" అని మా ఆడపడుచు అప్పుడే తేల్చేసింది. వదినే ఎందుకుండాలి?

ఈత రాదు కదా అంటారు. శిక్షకుడు పక్కనే ఉండి తిప్పే మొదటి డైవ్‌కి మామూలుగా ఈత అడగరు. 12 మీటర్ల లోతు దాటనివ్వరు. సర్టిఫికెట్ కోర్సు చేయాలంటే మాత్రం ఈత వచ్చి ఉండాలి. ఇక వయసంటారా? దక్షిణ కొరియాలోని జెజు దీవిలో 'హెన్యో'లనే ఆడవాళ్ళు సిలిండరు కూడా లేకుండా, ఊపిరి బిగబట్టి మునిగి, నత్తలూ నాచూ ఏరుకొచ్చి సంసారాలు ఈదారు. ఇప్పుడు వాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. 2016లో యునెస్కో వాళ్ళ విద్యని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. నలభై కూడా నిండని మనం వయసు మాట ఎత్తడమేమిటి!

ఆరోగ్యం సంగతి వేరు. దిగే ముందు ఒక ఫారం నింపమంటారు. ఉబ్బసం, గుండెజబ్బు, ఫిట్స్, చెవి బాధ ఏదున్నా దాచకుండా రాయాలి. డాక్టరు సరేనంటేనే దిగాలి. గర్భిణులు దిగకూడదు. జలుబు చేసినప్పుడూ వద్దు. 10 మీటర్ల లోతుకే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ముక్కు బిగిసి ఉంటే ఆ ఒత్తిడి చెవుల్లో సర్దుకోదు. నెలసరి మాత్రం అడ్డంకి కాదు. ఓపికుంటే నిక్షేపంగా దిగొచ్చు.

ఇక సామాను. సిలిండరు, సీసపు బరువులు, గాలి అందించే రెగ్యులేటరు, తేలడానికి జాకెట్టు అన్నీ అక్కడే ఇస్తారు. కొననక్కర్లేదు, మోయనక్కర్లేదు. నా దృష్టిలో సొంతంగా కొనుక్కోవలసింది ఒక్కటే, మన ముఖానికి సరిపోయే మాస్కు. వదులు మాస్కులోకి నీళ్ళు కారితే కంగారు మొదలయ్యేది అక్కడే. షాపులో పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి లోపలికి పీల్చండి. చెయ్యి తీసినా జారకుండా నిలిచిందా, అది మీ మాస్కే. కళ్ళజోడు వాళ్ళకి పవరు అద్దాలవీ దొరుకుతాయి. జుట్టు పాయ అంచు కింద పడినా నీరు వచ్చేస్తుంది కనుక జడ బిగించి వేసుకోవాలి.

"అమ్మో, ఆ బట్టలా!" అని సిగ్గుపడి ఆగిపోయేవాళ్ళు చాలామంది. మెడ నుంచి మణికట్టు దాకా, నడుము నుంచి మడమల దాకా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటి మీద వేసుకోవడానికి వెట్‌సూటు వాళ్ళే ఇస్తారు. అక్కడి నీరు 27 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. అయినా గాలి కంటే నీరు ఒంటి వేడిని ఇరవై రెట్లు వేగంగా లాగేస్తుంది. 3 మిల్లీమీటర్ల సూటు చాలు. ఒళ్ళంతా కప్పి ఉంటే ఎండ క్రీము వాడకమూ తగ్గుతుంది. ఆ క్రీముల్లోని ఆక్సీబెంజోన్ పగడాలకు హాని చేస్తుందనే అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 నుంచి అలాంటివాటి అమ్మకం ఆపేసింది.

అన్నిటికంటే పెద్ద చర్చ నగల దగ్గర వస్తుంది. గొలుసులు పట్టీలకి చిక్కుకుంటాయి, మెట్టెలు కాళ్ళకి తొడిగే రెక్కల్లో ఒరుసుకుంటాయి, నీళ్ళలో జారితే మళ్ళీ దొరకవు. మంగళసూత్రం తీస్తావా అని పెద్దవాళ్ళు గుండె పట్టుకుంటారు. ఆపరేషన్ థియేటర్‌లో తీసి ఇమ్మంటే ఎవరూ అశుభం అనుకోరు కదా! ఇదీ అంతే. ఓ గంట సేపు.

ప్రయాణం లెక్క కూడా ముందే వేసుకోవాలి. సముద్రం నెమ్మదిగా ఉండే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. ఒత్తిడికి రక్తంలో కలిసిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి మరి. అందుకని దీవికి ముందు వెళ్ళి, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూడడం ఆఖరి రోజుకి ఉంచుకోవడం తెలివైన పని.

చివరికి మిగిలేది డబ్బు మాట. "నా ఒక్కదానికీ ఎందుకులే దండగ" అని మన వాటా మనమే కోసేసుకుంటాం. ముగ్గురికి ఖర్చు అనిపించనిది నాలుగో మనిషి దగ్గరే దండగ ఎందుకవుతుంది? అది పొదుపు కాదు, అలవాటు. బుకింగ్‌కి ఫోను చేస్తే ఎంతమంది దిగుతారని అడిగారు. నలుగురమని చెప్పాను. మీరూ మీ ఇంటి లెక్క పూర్తిగా చెప్పండి.