జల్సాకు జనం కావాలి, మష్వరాకు వద్దా?

ఉర్దూలో జల్సా అంటే సభ. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి సరదా, షికారు, మజా అయ్యింది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పార్టీల మీటింగులు చూస్తుంటే తెలుగువాళ్ళు ఆ మాటను సరిగ్గానే అర్థం చేసుకున్నారనిపిస్తుంది. ఆటోల్లో జనాన్ని తెస్తారు. జెండాలు, బిర్యానీ పొట్లాలు పంచుతారు. డీజే మోగుతుంది. నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, అరగంట తక్రీర్ చేసి, కారెక్కి వెళ్ళిపోతాడు. అవామ్ చప్పట్లు కొట్టి ఇంటికొస్తుంది. సవాల్ లేదు, జవాబ్ లేదు. ఇది జల్సా అయితే కావచ్చు గానీ మష్వరా మాత్రం కాదు. మష్వరా అంటే కూర్చుని సలహా చేసుకోవటం, ఫైసలాకు ముందు అందరి మాటా వినటం.

ఇప్పుడు ఈ జల్సా ఫోన్లలోకి కూడా వచ్చింది. ఫేస్‌బుక్ లైవులు, రీల్స్, యూట్యూబ్ షార్ట్స్. వార్డుకో వాట్సాప్ గ్రూపు. కానీ చాలా గ్రూపుల్లో అడ్మిన్ మాత్రమే రాయగలడు, మనం చదివి దండం గుర్తు పెట్టాలి. పాత మైకుకూ ఈ ఫోన్‌కూ ఫరక్ ఏమిటి? మైకు ఊళ్ళో అరిచేది, ఫోన్ జేబులో అరుస్తోంది. అంతే.

ఇది చేతగాక జరుగుతున్నదైతే మాఫీ చేయొచ్చు. కానీ పార్టీలకు ఫోన్ వాడకం బాగా తెలుసు. కరోనా కాలంలో, 2020 మే 27, 28 తేదీల్లో, తెలుగుదేశం తన మహానాడునే జూమ్‌లో జరిపింది. ఏటా మైదానాలు నింపే సభ ఇళ్ళల్లోకి వచ్చింది. 2025 జనవరి 30న రాష్ట్ర సర్కారు 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. సర్టిఫికెట్లు, బిల్లులు, అర్జీలు అన్నీ అందులోనే. పార్టీ సభ్యత్వాలు కూడా ఫోన్‌లోనే చేర్చుకుంటున్నారు, రుసుమూ ఫోన్‌లోనే తీసుకుంటున్నారు. డబ్బు తీసుకోవటానికి పనికొచ్చిన ఫోన్ మాట తీసుకోవటానికి ఎందుకు పనికిరాదు? రేపల్లె మండల పార్టీ మీటింగు ఫలానా తారీఖున, ఫలానా సంగతి మీద అని నాలుగు రోజుల ముందు చెప్పటానికి ఏం అడ్డం?

మన గడ్డకు మష్వరా కొత్త కాదు. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది ఈ బాపట్లలోనే. అధ్యక్షుడు బి.ఎన్. శర్మ. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలా వద్దా అని అక్కడ వాదించుకున్నారు. ఏకాభిప్రాయం రాలేదు, తీర్మానం వాయిదా పడింది. నాకు ఆ సభలో నచ్చేది ఆ వాయిదాయే. పిలిచినవాళ్ళకు జవాబు ముందే రాసిపెట్టి లేదన్నమాట. ఇవ్వాళ మన మూడు ఊళ్ళలో ఏ పార్టీ మీటింగులోనైనా పైనుంచి వచ్చిన తీర్మానం కింద ఆగిపోవటం ఊహించగలరా?

ఇదేదో చదువుకున్నవాళ్ళ షోకు అనుకోకండి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళపాలైంది. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ దూకింది. కొల్లిపర నుంచి రేపల్లె దాకా లంకలు మునిగాయి. ఏ కరకట్ట ఎక్కడ బలహీనంగా ఉందో, ఏ డ్రెయిన్‌లో గుర్రపుడెక్క ఎంత పేరుకుందో, నీళ్ళు ముందు ఏ వీధిలోకి వస్తాయో అక్కడి రైతుకు, కూలీకి తెలుసు. ఆ ఖబర్ పార్టీ మీటింగులోకి వెళ్ళే దారి లేదు. వరద వచ్చాక నాయకుడు ట్రాక్టర్ ఎక్కి ఫొటో దిగుతాడు, ఆ ఫొటో మాత్రం మన ఫోన్‌కు వస్తుంది.

మా ముసల్మాన్ల సంగతే చూడండి. 2025 ఏప్రిల్ మొదటి వారంలో వక్ఫ్ సవరణ బిల్లు పార్లమెంటులో నెగ్గింది. తెలుగుదేశం, జనసేన బలపరిచాయి. వైసీపీ వ్యతిరేకించింది. తెనాలి గుంటూరు లోక్‌సభ కింద ఉంది, రేపల్లె, బాపట్ల బాపట్ల లోక్‌సభ కింద ఉన్నాయి. మా మసీదులు, దర్గాలు, ఖబరస్తాన్ల మీద ఢిల్లీలో ఫైసలా జరిగింది. బలపరిచినవాళ్ళకూ, వ్యతిరేకించినవాళ్ళకూ నా సవాల్ ఒక్కటే: ఓటు వేసే ముందు మా మహల్లాల మాట విన్నట్టు మీ దగ్గర ఏదైనా రికార్డు ఉందా? ఖురాన్‌లో 42వ సూరా పేరే షూరా. అంటే సంప్రదింపు. మజహబ్ అంత ఇజ్జత్ ఇచ్చిన సంగతిని మేం రాజకీయాల్లో అడిగితే గొంతెమ్మ కోరిక అవుతుందా? నా మాటే నెగ్గాలని నేను అనటం లేదు. ఫైసలాకు ముందు వినమంటున్నాను.

"రావాలనుకుంటే మీటింగుకు రావచ్చుగా, ఎవరు ఆపారు?" అంటారు. ఎవరూ ఆపనక్కరలేదు, దూరం ఆపుతుంది, కూలి ఆపుతుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. నిజాంపట్నం మత్స్యకారుడికి జిల్లా స్థాయి మీటింగు అంటే ఇప్పుడు బాపట్ల ప్రయాణం. రేపల్లెలో రైలెక్కితే తెనాలి చుట్టి రావాలి. ఒక రోజు వేట పోతుంది. తెనాలి నిమ్మకాయల యార్డులో పనిచేసే ఆడమనిషి సాయంత్రం పార్టీ ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చోగలదా? మా ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళు ఆ గడప తొక్కగలరు? వాళ్ళందరి చేతికీ ఇంట్లో ఒక ఫోన్ అందుతుంది. ఫోన్ లేనివాళ్ళకు పక్కింటి ఫోన్ ఉంది. అదీ లేకపోతే మనిషిని పంపండి. ఓట్ల కోసం గడప గడపకూ వచ్చే కార్యకర్త సవాళ్ళు రాసుకోవటానికి కూడా రావచ్చు.

"ఆన్‌లైన్ రాజకీయాలకు ఓట్లు రాలవు" అనేవాళ్ళూ ఉన్నారు. 2006 అక్టోబర్ 2న పార్టీగా మారిన లోక్‌సత్తాను చూపిస్తారు. చదువుకున్న కుర్రవాళ్ళు ఇంటర్నెట్‌లో దాన్ని మోశారు, 2009లో అసెంబ్లీకి గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే. సరే. దానికి జవాబు ఫోన్ మానేయటం కాదు, కంప్యూటర్ ఉన్నవాడి దగ్గర ఆగిపోకుండా బస్తీల్లోకి వెళ్ళటం. అప్పటికీ ఇప్పటికీ ఫోన్ల లెక్కే మారిపోయింది.

అసలు ఖతరా ఇంకోచోట ఉంది. పంజాబ్‌లో ఆమ్ ఆద్మీ పార్టీ 2022 జనవరిలో ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరని ఫోన్‌లో అడిగింది. 21 లక్షలకు పైగా జవాబులు వచ్చాయని, 93 శాతం భగవంత్ మాన్‌ను కోరారని ప్రకటించింది. బాగుంది. కానీ లెక్కపెట్టింది పార్టీయే, ఎలాన్ చేసింది పార్టీయే. బటన్ నొక్కించుకోవటం వేరు, మనిషిని మాట్లాడనివ్వటం వేరు. ఇటలీలో ఫైవ్ స్టార్ మూవ్‌మెంట్ తన సభ్యుల ఓటింగంతా 'రూసో' అనే ఆన్‌లైన్ వేదిక మీద నడిపింది. 2021లో ఆ వేదిక నడిపేవాళ్ళకూ పార్టీకీ చెడింది. సభ్యుల జాబితా ఎవరిదని తకరారు మొదలైంది. ఇంటి తాళంచెవి పరాయివాడి దగ్గర పెడితే జరిగేదదే. కాబట్టి మన ఫోన్ నంబర్లు అమానత్. వాటిని ఇంకో సర్వే కంపెనీకి ఇవ్వకూడదు.

"పార్టీ మా సొంత ఇల్లు, మీకెందుకు" అంటే అదీ చెల్లదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద రిజిస్టర్ అయ్యేటప్పుడు ప్రతి పార్టీ ప్రజాస్వామ్యానికి కట్టుబడతానని రాసిస్తుంది. 2022లో వైసీపీకి శాశ్వత అధ్యక్షుడనే మాట వచ్చినప్పుడు అది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం చెప్పింది. రాసిచ్చిన మాట పైన ఢిల్లీలో చెల్లితే కింద కర్లపాలెంలోనూ చెల్లాలి.

నేనడిగేవి పెద్దవేం కావు. మండల, వార్డు మీటింగు తారీఖు, ఎజెండా నాలుగు రోజుల ముందు తెలుగులో పెట్టండి. చదవలేనివాళ్ళకు ఆడియో పంపండి. మీటింగును మొదటి నుంచి చివరి దాకా లైవ్ ఇవ్వండి, నాయకుడి తక్రీర్ ముక్క కాదు. ఓటర్ల సవాళ్ళు ముందే తీసుకుని, అందరి ముందు చదివి, జవాబు చెప్పండి. సవాల్ వేసినవాడి పేరు బయటపెట్టకండి, మర్నాడు అతని పింఛను గురించి బెదిరింపు రాకూడదు. రెండు రోజుల్లో ఏం తేల్చారో, ఎవరు కాదన్నారో రాసి పెట్టండి. తర్వాతి మీటింగులో పాత మాటకు హిసాబ్ చెప్పి కొత్త మాట మొదలుపెట్టండి.

సమయం కూడా ఇదే. 2021 మార్చి 10న తెనాలి, రేపల్లె మునిసిపాలిటీలకు ఓట్లు పడ్డాయి. బాపట్లలో ఆ రోజు ఓటు కూడా పడలేదు. ఆ కౌన్సిళ్ళ ఐదేళ్ళ గడువు 2026 మార్చి వరకే. కౌన్సిలర్ టికెట్ ఎవరికివ్వాలో ఏదో ఒక గదిలో నలుగురు కూర్చుని తేల్చే రోజు వస్తుంది. ఆ గది తలుపు తెరవమని ఇప్పుడే అడగాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి మీ వార్డు గ్రూపులో నాయకుడి పుట్టినరోజు పోస్టర్ వస్తే దండం గుర్తు పెట్టకండి. అడ్మిన్‌కే విడిగా ఒక్క ముక్క రాయండి: "మీటింగు ఎప్పుడు? ఎజెండా ఏమిటి? లింకు పంపండి." పది మంది రాస్తే విసుక్కుంటారు. వెయ్యి మంది రాస్తే పంపిస్తారు.

ఖుదా హాఫిజ్.